అరవై ఒక్క లైన్లు

చిన్నోడికి యాభై రెండేళ్లు. ఇంట్లో అందరికంటే చిన్నవాడని ఆ పేరుతో పిలిచారు. పిలిచినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు గానీ పేరు మాత్రం కదల్లేదు. జుట్టు తెల్లబడింది, మెట్లెక్కితే మోకాళ్లు మొరాయిస్తున్నాయి, అయినా చిన్నోడే. పెళ్లెందుకు చేసుకోలేదయ్యా అంటే "తూకం కుదరలేదు" అనేవాడు. మొదట్లో ఆ మాటకు నవ్వేవాళ్లు. తర్వాత అడగడమే మానేశారు.

అతని ఉద్యోగం తూకం యంత్రాలు సరిచేయడం. దుకాణాలకు, గోదాములకు, మందుల కంపెనీలకు ఒక చెక్కపెట్టె పట్టుకుని వెళ్తాడు. పెట్టెలో మెత్తని గుడ్డలో చుట్టిన తూకం రాళ్లుంటాయి. పేరుకు రాళ్లే గానీ ఇత్తడివి. చేతి చెమట అంటినా లెక్క తప్పుతుందని తొడుగులు వేసుకుని ఎత్తుతాడు. రాయి పెట్టి, అంకె చూసి, తేడా సరిచేసి, తన పేరూ తేదీ ఉన్న ముద్ర అతికించి వస్తాడు. దుకాణదారు ఎవడైనా "నాది బాగానే ఉందండీ, పదేళ్లుగా చూస్తున్నా" అన్నాడంటే చాలు, చిన్నోడికి ఒళ్లు మండుతుంది. "మీ కళ్లకు బాగానే ఉంటుంది. రాయి పెట్టి చూద్దాం" అంటాడు. ఎదుటివాడి తప్పు పట్టడంలో అంతటివాడు లేడు. తన సంగతి వచ్చేసరికి మాత్రం గురివింద గింజే. ఈ కథంతా ఆ నలుపు గురించే.

నలుపుకు మూలం అన్నయ్య. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు. జన్మలో విమానం ఎక్కలేదు. ఎక్కమన్నా ఎక్కేవాడు కాదు, ఎత్తంటే భయం. అలాంటివాడు విమానం తయారుచేశాడు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఉచితంగా రాసుకునే సిమ్యులేటర్ ఒకటుంది. కంప్యూటర్ తెర మీద విమానం నడిపించే ప్రోగ్రాం అది. దాని లోపలి రాతను ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, చేతనైతే కొత్త విమానమే చేర్చొచ్చు. అన్నయ్య అందులో ఒక పాతకాలపు రెండింజన్ల సరుకు విమానాన్ని చేర్చాడు. రెక్కలూ చక్రాలూ అద్దాలూ చిన్నోడు గీశాడు. ప్రాణం మాత్రం అన్నయ్య పోశాడు. చెప్పిన ఎత్తులో విమానాన్ని నిలబెట్టే ఆటోపైలట్ స్క్రిప్టు, అంటే దాని లోపలి రాత, ఆయనదే. అరవై ఒక్క లైన్లు. డిపో నుంచి వచ్చి, చేతుల జిడ్డు కడుక్కుని, నెలకు రెండో మూడో లైన్లు, రెండు రోజులకో అంకె దిద్దుకుంటూ రెండేళ్లు రాశాడు.

నాలుగేళ్ల కింద అన్నయ్య పోయాడు. విమానం బాధ్యత తమ్ముడి మీద పడింది.

ఈ పనిలో ఒక పద్ధతుంది. ఏ లైను ఎవరు రాశారో, ఏ రోజు రాశారో ప్రోగ్రామే గుర్తుపెట్టుకుంటుంది. చూపించమంటే తెర మీద లైనుకు ఎడమవైపు పేరూ తేదీ వస్తాయి. ఆ లైనులో ఎవరైనా ఒక్క అక్షరం మార్చారా, పాత పేరు పోయి కొత్త పేరు వచ్చేస్తుంది. పాత చరిత్ర అడుగున ఎక్కడో ఉంటుంది, తవ్వితే దొరుకుతుంది. మొదటి పేజీలో తయారీదారుల జాబితాలోనూ పేరుంటుంది. కానీ జాబితాలో ఉన్నది పోయినవాడి పేరు. లైను పక్కన ఉన్నది ఇంకా పనిచేస్తున్నవాడి పేరు. వదిన ఆ తేడా ఒక్క చూపులో పట్టేసింది.

అన్నయ్య పోయిన రెండో నెలలో, ఏదో అడగడానికి చిన్నోడు ఉండే పైగదికి వచ్చి, ఆ తెర చూసి ఆగిపోయింది. స్క్రిప్టులో ఒక్క ముక్క ఆవిడకు అర్థం కాదు. తేదీలు అర్థమవుతాయి. "ఇదిగో, ఈ రోజు వాన. బట్టలన్నీ ఇంట్లోనే ఆరేశాం. తాడు కంప్యూటర్ మీదుగా కట్టానని విసుక్కున్నారు" అంది ఒక లైను చూపించి. ఇంకో లైను దగ్గర "ఆ రోజు నాకు పన్ను పీకించారు" అంది. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం కిందనుంచి రెండు గ్లాసుల టీతో పైకి వస్తుంది. కుర్చీలో కూర్చుని పైనుంచి కిందదాకా చదువుకుని, గ్లాసులు తీసుకుని వెళ్తుంది. వెళ్లేముందు ఒకే ప్రశ్న.

"అన్నీ ఉన్నాయిగా?"

"అరవై ఒకటీ ఉన్నాయి వదినా."

అందుకని చిన్నోడు ఆ లైన్ల జోలికి వెళ్లేవాడు కాదు. ఫిర్యాదులు రాకనా? బోలెడొచ్చాయి. ఆటోపైలట్ వేస్తే విమానం ముక్కు ఎగరేస్తోందని ఒకడు, దించుతోందని ఒకడు, ఎగరేసి దించి నేలలో దిగబడుతోందని మరొకడు. చిన్నోడు తన పాత కంప్యూటర్లో పెట్టి చూసేవాడు. ఆ కంప్యూటర్ అన్నయ్యదే. విమానం గీత గీసినట్టు వెళ్లేది. "నా దగ్గర బాగానే ఉంది. మీరు నడపడం నేర్చుకోండి" అని జవాబు రాసి ఫిర్యాదు మూసేసేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారట అని ఒకరికి రాయబోయి, ఎదుటివాడికి అర్థం కాదని చెరిపేశాడు. మరీ గొడవ చేసినవాళ్ల కోసం అన్నయ్య లైన్లకు పైనా కిందా తన లైన్లు చేర్చేవాడు. ముక్కు మరీ వంగితే ఎత్తమని ఒకటి, మరీ లేస్తే దించమని ఒకటి. నాలుగేళ్లలో స్క్రిప్టు అతుకుల బొంత అయింది. మధ్యలో అరవై ఒక్క లైన్లూ చెక్కుచెదరలేదు.

ఈ సంవత్సరం మాత్రం తాళాలావిడ ఊరుకోలేదు. సిమ్యులేటర్ కొత్త విడుదలకు ముందు అన్నీ పరీక్షించి, ఇక ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసే పని ఆమెది. అసలు పేరు ఎవరూ వాడరు. మర్యాదస్తురాలు, కానీ మొహమాటం లేని మనిషి. "మీ సరుకు విమానాన్ని నాలుగు కంప్యూటర్లలో నడిపాను. మూడింటిలో నేలకూలింది. పది రోజుల్లో సరిచేయకపోతే విమానాల జాబితా నుంచి తీసేస్తాను. కొత్త కంప్యూటర్లో పెట్టి మీరే చూడండి" అని రాసింది.

తీసేస్తే అరవై ఒక్క లైన్లూ పోతాయి. వదినకు చూపించడానికి తెర మీద ఏమీ మిగలదు.

వాళ్ల వర్క్‌షాపులో రిపోర్టులు తీయడానికి ఈ మధ్యే కొత్త కంప్యూటర్ కొన్నారు. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక చిన్నోడు దానిలో సిమ్యులేటర్ ఎక్కించాడు. విమానాన్ని మూడు వేల అడుగులకు లేపి ఆటోపైలట్ వేశాడు. ముక్కు లేచింది, పడింది, ఇంకా ఎక్కువగా లేచింది, ఇంకా ఎక్కువగా పడింది. నిమిషం తిరక్కుండా తెరంతా గడ్డి. మళ్లీ వేశాడు. మళ్లీ గడ్డి. బల్ల మీద వరుసగా పేర్చిన తూకం రాళ్ల వైపు చూసి, పాతికేళ్లుగా ఊళ్లోవాళ్లకు చెప్పే మాట అప్పుడు తనకు తాను చెప్పుకున్నాడు.

మూడు రోజుల భోజన విరామాలు దానికే పోయాయి. అతుకులన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాడు. వాటిలో ఏమీ లేదు. మూడో రోజు, తెర మీద బొమ్మ సెకనుకు ఇరవైసార్లకు మించి మారకుండా కట్టడి చేసి చూశాడు. విమానం గీత గీసినట్టు వెళ్లింది. కట్టడి తీసేశాడు. గడ్డి.

సంగతి ఇంతే. తెర మారిన ప్రతిసారీ అన్నయ్య స్క్రిప్టు ఒకసారి నడుస్తుంది. నడిచిన ప్రతిసారీ ముక్కును రవంత సరిచేస్తుంది. మధ్యలో ఎంత సమయం గడిచిందో అడగదు. అన్నయ్య కంప్యూటర్ నిదానం, సెకనుకు ఇరవైసార్లు. ఆ రవంత ఎంతో ఆయన ఆ ఇరవైకి సరిపోయేలా చూసుకున్నాడు. కొత్త కంప్యూటర్లో అది నూట ఇరవైసార్లు నడుస్తుంది. రవంత దిద్దాల్సిన చోట ఆరింతలు దిద్దుతుంది. గడియారం చూసి వేయాల్సిన లెక్కను అన్నయ్య తెర ఎన్నిసార్లు మారిందో చూసి వేశాడు. ఒక్క చోట మారిస్తే సరిపోదు, అంకెలన్నీ ఆ ఇరవై మీదే నిలబడ్డాయి. మొదటి లైను నుంచి చివరి లైను దాకా తిరగరాయాలి.

రాయకపోతే విమానం పోతుంది. రాస్తే పేరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈ తప్పు ఇంతకుముందు ఎవరైనా పట్టారేమోనని పాత ఫిర్యాదుల్లో వెతికాడు. ఒక్కటి దొరికింది. రాసింది అన్నయ్య. రాసిన తేదీ ఆయన పోవడానికి ఐదు వారాల ముందు. మూసేసింది చిన్నోడు.

చావు జరిగిన వారంలో అన్నయ్య పేరు మీద తెరిచి ఉన్న ఫిర్యాదులు ఇరవై మూడుంటే, ఒక్కటీ చదవకుండా అన్నిటినీ ఒకే దెబ్బకు మూసేశాడు. పేరు చూస్తే ఏడుపొస్తోందని అప్పుడు అనుకున్నాడు. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, అప్పటికి మూడు నెలలుగా అతను అన్నయ్యతో అలిగి ఉన్నాడు. ఇంజను వేడి గురించి చిన్నోడు రాసి పంపినదాన్ని అన్నయ్య అందరి ముందూ తిప్పికొట్టాడు. "చిన్నోడా, ఊహించి రాయకు. కొలిచి రాయి" అన్నాడు. కొలవడమే బతుకైనవాణ్ణి పట్టుకుని ఆ మాట! చిన్నోడు సిమ్యులేటర్లో అన్నయ్య రాసేవేవీ తనకు రాకుండా ఆపేసుకున్నాడు. ఇంట్లో మాత్రం నీళ్ల మోటారు గురించీ, వీధిలైటు గురించీ మామూలుగానే మాట్లాడుకునేవాళ్లు. తర్వాత ఆయన ఆసుపత్రి పాలయ్యాడు. చిన్నోడు మంచం పక్కన కూర్చున్నాడు, మందులు తెచ్చాడు, కాళ్లు పట్టాడు. విమానం ఊసు మాత్రం ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం, ఒకే తల్లి పిల్లలు.

నోటితో అడగనిది అన్నయ్య ఆ ఫిర్యాదులో రాసి అడిగాడు. మూడు ముక్కలున్నాయి.

మొదటిది: "నా ఆటోపైలట్ తప్పు. నా కంప్యూటర్ నిదానం కాబట్టి నాకు తెలియలేదు. గడియారం ప్రకారం తిరగరాయాలి. నా చేతులు వణుకుతున్నాయి. చిన్నోడా, నువ్వు చూడు."

వారం తర్వాత రెండోది: "చూశావా?"

మూడోది ఇంకో రెండు వారాలకు: "తొందరేం లేదు. వీలైనప్పుడు చూడు."

చిన్నోడు వర్క్‌షాపులో, నలుగురూ భోజనాలు ముగించి చేతులు తుడుచుకుంటూ వస్తుండగా, తెర ముందు కూర్చుని ఏడ్చాడు. కంట్లో నలకపడిందని చెప్తే నమ్మారు. నమ్మారో, నమ్మినట్టు ఊరుకున్నారో.

సెలవు పెట్టాడు. ఐదు రోజులు పగలంతా కూర్చుని అరవై ఒక్క లైన్లనూ తిరగరాశాడు. అతుకులన్నీ పీకేశాడు. ఈసారి ఊహించలేదు, ప్రతి అంకెనూ కొలిచాడు. సెకనుకు ఇరవై, అరవై, నూట ఇరవై, ఏ వేగంలో పెట్టినా విమానం మూడు వేల అడుగుల మీద కదలకుండా నిలబడింది. శనివారం సాయంత్రానికి పని పూర్తయింది. సంతోషించాల్సింది. ఎడమవైపు చూస్తే పైనుంచి కిందదాకా తన పేరే.

తాళాలావిడకు పంపాల్సిన గడువు సోమవారం. రేపు ఆదివారం.

అప్పుడొక ఆలోచన వచ్చింది. పాడు ఆలోచనలు ఎప్పుడూ అలిసిపోయినప్పుడే వస్తాయి. రాసింది ఎవరని ప్రోగ్రాం అడుగుతుంది. నువ్వు ఎవరి పేరు చెబితే ఆ పేరు రాసుకుంటుంది, ఆరా తీయదు. అన్నయ్య పేరిచ్చేస్తే? ఆలోచన ఆయనదేగా. తప్పు పట్టిందీ ఆయనేగా. తను చేసింది కూలిపనే కదా. ఇంకొకడి ముద్ర తూకం యంత్రానికి అతికించినవాణ్ణి వాళ్ల పనిలో మళ్లీ గడప తొక్కనివ్వరు. ఆ సంగతి చిన్నోడికి గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చినా చేశాడు. ఇంకా ఎవరికీ పంపలేదు, తన కంప్యూటర్లోనే ఉంది. అరవై ఒక్క లైన్ల పక్కనా అన్నయ్య పేరు తిరిగొచ్చింది.

ఆదివారం వదిన వచ్చింది. టీ గ్లాసు అతని చేతికిచ్చి, కళ్లజోడు సర్దుకుని, కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. పై నుంచి కిందకి వెళ్లి, మళ్లీ పైకి వచ్చింది.

"వానరోజు లైను ఏది?"

చిన్నోడు టీ తాగుతున్నట్టు నటించాడు.

"చిన్నోడా, అన్నిటికీ ఒకటే తేదీ ఉందేంటి? నిన్నటిది." వదిన గొంతు ఎక్కడా పెరగలేదు. "నిన్న ఆయన ఎలా రాశారు?"

పేరు గురించే ఆలోచించినవాడికి తేదీ తట్టలేదు. నాలుగేళ్లుగా ఆవిడ చదువుతున్నది పేరు కాదు, తేదీలని తెలిసి కూడా. చెప్పక తప్పలేదు, చెప్పాడు. కొత్త కంప్యూటర్లో విమానం పడిపోవడం చెప్పాడు. లైన్లన్నీ తిరగరాయాల్సి రావడం చెప్పాడు. పేరు మార్చి పెట్టడం చెప్పాడు. అక్కడితో ఆపేయొచ్చు. ఆపబోయాడు. కానీ మనసు ఊరుకోక పాత ఫిర్యాదు కూడా తెరిచి చూపించాడు.

వదిన మూడు ముక్కలూ చదివింది. రెండోది మళ్లీ చదివింది.

"నువ్వు పైనే ఉన్నావుగా అప్పుడు" అంది.

"పైనే ఉన్నా."

"మరి?"

"చూడలేదు వదినా. ఆయన రాసేవేవీ రాకుండా ఆపేసుకున్నా. కోపమొచ్చి."

"ఎన్నాళ్లు?"

"పోయేదాకా."

వదిన గ్లాసు కింద పెట్టింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగి, ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్ల వైపు చూస్తూ కూర్చుంది.

"అలిగావని నాకు తెలుసు" అంది చివరికి. "గొడవ విమానం దగ్గర వచ్చిందని తెలీదు గానీ, అలిగావని తెలుసు. ఆసుపత్రిలో నువ్వు మందులకని కిందకి వెళ్లగానే నన్ను అడిగేవారు. చిన్నోడు చూశాడంటావా అని. రోజూ అడిగేవారు. ఏం చూడాలో నాకు తెలీదు. తెలిస్తే నీకు చెప్పేదాన్నే."

"నువ్వేమన్నావ్?"

"చూస్తున్నాడు లెండి, దాని మీదే కూర్చున్నాడు, పొద్దస్తమానం అదే పని అన్నా." ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "చివరి రోజు కూడా అడిగారు. అయిపోయిందట, బాగా వచ్చిందట అని చెప్పేశా. వాడు కొలిచే రాసుంటాడు అన్నారు. అని పడుకున్నారు."

అన్నయ్య తన మీద కోపంతో పోయాడనుకుని చిన్నోడు నాలుగేళ్లు కుమిలాడు. అన్నయ్య కోపంతో పోలేదు. చేయని పని చేశాడని నమ్మి, మెచ్చుకుని పోయాడు. ఇది దానికంటే బరువుగా ఉంది.

వదిన లేచి గ్లాసులు తీసుకుంది. అతని గ్లాసులో టీ అలాగే ఉంది.

"నీ పేరు పెట్టి పంపు" అంది. "ఆయనకి నేను చెప్పిన అబద్ధం ఒకటి చాలు."

మెట్లు దిగుతున్న చప్పుడు ఆగేదాకా కూర్చుని, తర్వాత పేరు మార్చాడు. పంపాడు. గంటలో తాళాలావిడ జవాబిచ్చింది: నాలుగు కంప్యూటర్లలోనూ నిలబడిందట, శుభ్రంగా రాశారట, విమానం జాబితాలో ఉంటుందట. అది చదివి కంప్యూటర్ ఆపేశాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం చిన్నోడు కుర్చీ తుడిచి తెర ముందు వేశాడు. సాయంత్రం దాకా చూసినా వదిన పైకి రాకపోతే, తనే కిందకి దిగి తలుపు తట్టాడు. వదిన తీసింది. లోపలికి రమ్మంది, టీ పెట్టింది. వీధిలైటు గురించీ, నీళ్ల మోటారు గురించీ మాట్లాడుకున్నారు. విమానం ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.